షెఫీల్డ్‌లో 2 పెన్నీల బస్సు

సంపాదకులు గారికి,

నమస్కారం. మన రాష్ట్రంలో ఆడవాళ్లకిచ్చిన స్త్రీశక్తి ఉచిత బస్సు మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలన్నీ చదువుతున్నాను. ఆడవాళ్లు పనీపాటా లేకుండా తిరగడానికే ఈ పథకం పనికొస్తోందని ఈమధ్య ఒకరు రాశారు. ఆ మాట చదివి మనసు కష్టపడింది. నలభై ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లోనూ ఇలాంటి మాటే విన్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా కళ్లారా చూశాను.

మా వారు డాక్టరు. 1978లో ఇద్దరు చిన్నపిల్లలతో ఆ ఊరు వెళ్లాం. షెఫీల్డ్ అంటే స్టీలు, చాకులు, చెంచాలు. ఊరంతా ఎత్తుపల్లాలే. రోమ్‌లాగా తమదీ ఏడు కొండల ఊరని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మేం క్రూక్స్ అనే పేటలో, కొండ మీద ఉండేవాళ్లం. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే మా వారితో వెళ్లిపోయేది. మంచు పడిన రోజుల్లో ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో పిల్లను పట్టుకుని ఆ వాలు దిగడం నా వల్ల అయ్యేది కాదు. 52 నంబరు బస్సు లేకపోతే నేను ఆ ఇంట్లోనే ఉండిపోయేదాన్ని.

ఆ బస్సులో పిల్లలకు టికెట్ 2 పెన్నీలు. పెద్దవాళ్లకూ పర్సులో చిల్లరతో సరిపోయేది. షెఫీల్డ్, దాని చుట్టుపక్కల ఊళ్ల పాలన చూసే సౌత్ యార్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ 1975 నుంచి ఛార్జీలు పెంచకుండా ఆపేసింది. బ్రెడ్డు, బొగ్గు, అద్దె అన్నీ మండిపోతున్న కాలంలో బస్సు ఛార్జీ మాత్రం పదేళ్లకు పైగా కదల్లేదు. లోటును ఇంటిపన్నులాంటి స్థానిక పన్నుతో పూడ్చేవారు. దేశాన్ని లేబర్ పార్టీ ప్రభుత్వం ఏలుతున్నప్పుడూ, తర్వాత మార్గరెట్ థాచర్ ప్రధాని అయ్యాకా, ఇదంతా దుబారా అని ఒత్తిడి తెస్తూనే ఉన్నారు. కౌన్సిల్ లొంగలేదు. దేశమంతటా బస్సెక్కేవాళ్లు తగ్గిపోతుంటే అక్కడ పెరిగారు.

శనివారం వస్తే పిల్లలు హోల్ ఇన్ ది రోడ్ అని గొడవ. ఊరి నడిబొడ్డున రోడ్డు కింద గుండ్రంగా కట్టిన సబ్‌వే అది. నడిమధ్య పైకి చూస్తే ఆకాశం కనిపించేది. గోడలో పెద్ద చేపల తొట్టి ఉండేది. ఆ చేపల్ని చూడడానికే బస్సెక్కి వెళ్లేవాళ్లం. అక్కణ్నుంచి కాజిల్ మార్కెట్. మనం బోటి అంటామే, దాన్ని తెల్లగా కడిగి అమ్మేవారు. కొనుక్కుని వెనిగర్ చల్లుకుని తినేవాళ్లు. నేను ముట్టలేదు గానీ, హెండర్సన్స్ రెలిష్ అనే నల్లటి సాస్ సీసా ఒకటి కొన్నాను. అది ఆ ఊళ్లోనే తయారవుతుంది. మాంసం కూరి కాల్చే ‘పై’ అనే వంటకం మీద వాళ్లకు అది లేనిదే ముద్ద దిగదు. ఇంటికొచ్చి సీసా మీద రాసింది చదివితే, అందులో చింతపండు! ఆ రాత్రి పప్పుచారులో రెండు చెంచాలు వేశాను. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన నన్ను "లవ్" అని పలకరిస్తే మొదట్లో కంగారు పడ్డాను. అక్కడ మగవాళ్లు మగవాళ్లను కూడా అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. ఆ ఊరు నాకు పరిచయమైంది బస్సులోనే.

1980 జనవరిలో స్టీలు కార్మికుల సమ్మె మొదలై మూడు నెలలు నడిచింది. ఆ తర్వాత ఒక్కో ఫ్యాక్టరీ మూతపడుతూ వచ్చింది. మా పక్కింటాయన ఉద్యోగం అలాగే పోయింది. కారు అమ్మేశాడు. అయినా రోజూ తయారై బయటికి వెళ్లేవాడు. ఉద్యోగం వెతుక్కోవడానికి, లైబ్రరీకి, ఊరికి ఆ చివర ఉన్న వాళ్లమ్మ ఇంటికి. చేతిలో డబ్బు లేకపోయినా ఊరు ఆయనకు దూరం కాలేదు.

1986 మార్చి 31న ప్రభుత్వం ఆ కౌంటీ కౌన్సిల్‌నే రద్దు చేసింది. వెంటనే ఛార్జీలు రెట్టింపు దాటాయి. అక్టోబరు 26 నుంచి లండన్ తప్ప బ్రిటన్ అంతటా ఏ కంపెనీ అయినా, ఏ రూట్లో అయినా బస్సులు నడుపుకోవచ్చన్నారు. ఊరి మధ్యలో రంగురంగుల బస్సులు ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. అంచున ఉన్న పేటలకు మాత్రం చీకటి పడితే బస్సు గగనమైంది. పక్కింటావిడ శనివారాలు పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లడం మానేసింది. ముగ్గురు పిల్లలకు రానూపోనూ టికెట్లు లెక్క వేసుకోవాల్సి వస్తోందని నాతో చెప్పుకుంది. చేపల తొట్టి చూడకపోతే ఎవరి ప్రాణమూ పోదు, నిజమే. కానీ ఆ పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

షెఫీల్డ్ బస్సుల్ని మళ్లీ ప్రజల అజమాయిషీలోకి తెస్తామని అక్కడి మేయర్ 2025 మార్చిలో ప్రకటించారు. 2027 సెప్టెంబరులో మొదలుపెడతారట. 1986లో పోయింది తిరిగి రావడానికి నలభై ఏళ్లు పైనే పడుతోంది.

మనదీ వాళ్లదీ ఒకటే అనడం లేదు. అక్కడ ఉచితం కాదు, చవక. అదీ ఆడామగా అందరికీ. మన దగ్గర బస్సులు చాలడం లేదన్న ఫిర్యాదు న్యాయమైనదే, బస్సులు పెంచాల్సిందే. కానీ మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇదివరకు పండక్కి తప్ప గుడివాడలో ఉన్న తల్లిని చూసేది కాదు. ఇప్పుడు నెలకు రెండుసార్లు వెళ్తోంది. ఇది పనిలేని తిరుగుడా?

దయచేసి మీ విలేకరిని ఒక రోజంతా పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు పంపండి. ఆర్టీసీకి ఎంత ఖర్చవుతోందో ఇప్పటికే రాశారు. బస్సు దిగే ఆడవాళ్లను, ఇదివరకు వెళ్లలేక ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో అడిగి అదీ రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ