మంత్రి గారూ, మా అత్తగారి మాట పోకముందే ఒక్క రికార్డర్ పంపండి: గ్రీసు మంత్రి గారికి స్పాటా కోడలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా ఊరి పెద్దవాళ్ళ పాత భాషని రికార్డు చేయించమని మీకు గ్రీకులో మూడు అర్జీలు పెట్టాం అండి. మొదటిది మా ఆయన రాశాడు. రెండోది మా వీధిలో పెద్దవాళ్ళు పదకొండు మంది సంతకాలు పెట్టి ఇచ్చారు. మూడోది నేనే రాశా, నా గ్రీకులో తప్పులుంటాయని మా పాపతో దిద్దించుకుని మరీ పంపించా. మూడిటికీ ప్రొటోకాల్ నంబర్లు, అంటే అర్జీ అందిందని ఇచ్చే నంబర్లు, వచ్చాయి, ఆ తర్వాత ఇంకేం రాలేదు. ఫోన్ చేస్తే ఫైల్ పక్క సెక్షన్‌కి వెళ్ళింది అంటారు, పక్క సెక్షన్‌కి చేస్తే మా దగ్గరకి రాలేదు అంటారు. అందుకే ఇప్పుడు నా భాషలో, అందరూ చూసేలా రాస్తున్నా. మా తెలుగువాళ్ళలో ఎవరైనా దీన్ని మీ దాకా చేరుస్తారేమో అని ఆశ.

పని ఏంటో మీకు తెలుసు. ఏథెన్స్ పక్కన మా ఊరు స్పాటాలో మిగిలిన పెద్దవాళ్ళ నోట అర్వానీటిక, అంటే అల్బేనియన్ నుంచి వచ్చిన ఇక్కడి పాత ఇంటి భాష, దాని మాటలు, పాటలు రికార్డు చేసి భద్రపరిచే పని. జూన్ 29 పీటర్, పాల్ సెయింట్ల పండగ రోజు, ఊరంతా పెద్ద పెద్ద కాగుల్లో ఉల్లిపాయలు వేసి వండిన మాంసం తింటున్నప్పుడు, మీ తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి మా అత్తగారి పక్కన కూర్చుని ఆవిడ పాట విని, శీతాకాలం లోపు మనుషుల్ని పంపిస్తాం అమ్మా అని గుండె మీద చెయ్యి పెట్టుకుని "బెస" అన్నారు. బెస అంటే ఇచ్చిన మాట, ప్రాణం పోయినా తప్పని మాట. ఈ మాట గ్రీకు వాళ్ళందరూ వాడతారు, ఫలానా మనిషికి బెస ఉంది అంటే నమ్మొచ్చు అని అర్థం, కానీ అది గ్రీకు మాట కాదు, అర్వానీటికలోనూ అల్బేనియన్‌లోనూ ఉన్న మాట. ఆయన వేరే ఏ మాట వాడినా మా అత్తగారు మర్చిపోయేవారేమో. ఆ మాట వాడారు కాబట్టి ఆవిడ నమ్మారు. అది జరిగి మూడు శీతాకాలాలు అయిపోయాయి మంత్రి గారూ.

మా తెలుగువాళ్ళ కోసం ఊరి గురించి కొంచెం చెప్పాలి, మీరు ఓపిక పట్టండి. ఏథెన్స్ ఎయిర్‌పోర్టులో దిగిన మనవాళ్ళు ఎవరైనా మా ఊరి పక్కనే దిగినట్టు లెక్క, 2001 లో ఆ ఎయిర్‌పోర్టు తెరిచిన నేల ఒకప్పుడు స్పాటా, చుట్టుపక్కల ఊళ్ళ పొలాలు, ద్రాక్ష తోటలు. మెసోగియా మైదానం అంటారు ఈ ప్రాంతాన్ని. సవతియానో అనే తెల్ల ద్రాక్ష పండిస్తారు, దాంట్లో పైన్ చెట్టు బంక కలిపి రెత్సినా అనే వైన్ చేస్తారు. ఈ మైదానంలో స్పాటా, కోరోపి, మార్కోపులో, కెరాతెయా, ఇప్పుడు పయానియా అని పిలుస్తున్న లియోపెసి, ఇవన్నీ అర్వానైట్ల ఊళ్ళు. వీళ్ళ పెద్దలు ఉత్తరాన అల్బేనియన్ మాట్లాడే ప్రాంతాల నుంచి 14, 15 శతాబ్దాల్లో దిగి వచ్చారు. ఎక్కువమంది దండెత్తి రాలేదు, యుద్ధాలతో జబ్బులతో మనుషుల్లేక నేల బీడు పడిపోయింది కాబట్టి పాలకులే రమ్మన్నారు. 1382 లో స్పెయిన్ వైపు అరగాన్ రాజు నాలుగో పీటర్, అప్పుడు ఏథెన్స్ ఆయన ఏలుబడిలోని కాటలాన్ వాళ్ళ చేతిలో ఉండేది, ఇక్కడికొచ్చి స్థిరపడే గ్రీకులకీ అల్బేనియన్లకీ రెండేళ్ళు పన్ను లేదని చెప్పాడు. వచ్చారు, దున్నారు, ఉండిపోయారు. ఊరి పేరు కూడా ష్పాత అనే పెద్ద వంశం పేరే అంటారు, ష్పాత అంటే కత్తి.

ఆరు వందల ఏళ్ళు ఆ భాష ఇంట్లోనే బతికింది. బడి లేదు, పుస్తకం లేదు, తల్లి నోటి నుంచి పిల్ల చెవికి అంతే. మా మేనత్త వాళ్ళు కోవిల్‌పట్టి దగ్గర ఉంటారు, వాళ్ళ ఇంట్లో తెలుగు ఇలాగే ఉంటుంది, మాట తెలుగు, రాత అరవం. అందుకే మొదటిసారి అత్తగారి ఇంట్లో అడుగు పెట్టినప్పుడు నాకు అర్థం కాకపోయినా ఏం జరుగుతోందో తెలిసింది. ఆవిడ నన్ను "నూసె" అని పిలిచారు, అంటే కోడలా అని. "ఎయా, హా బుక్" అన్నారు. బుక్ అంటే రొట్టె, కానీ ఆ మాటకి అర్థం రా అన్నం తిను అని. మనం టిఫిన్ తిన్నా అన్నం తిన్నావా అని అడుగుతాం చూడండి, అచ్చం అలాగే. బాపట్ల వదిలాక నన్ను ఎవరైనా అలా పిలవటం అదే మొదలు, ఆ రోజు కంచం ముందు కూర్చుని ఏడ్చేశా.

ఆ రోజు నుంచి నేను ఆవిడ మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. తెలుగు అక్షరాల్లో! ఎందుకంటే షి అంటే వాన, చూప అంటే ఆడపిల్ల, ఈ ష కి, చ కి గ్రీకులో విడిగా అక్షరం లేదు, మా ఆయన గ్రీకులో రాసి చదివితే వాళ్ళమ్మే నవ్వేశారు. తెలుగులో రాసి చదివితే "ఇది నా మాటే" అన్నారు. నాలుకకీ భాషకీ ఒకటే మాట, గ్లుహ అంటారు. అల్బేనియాలో ఇవాళ ఆ "గ్ల" పోయి "జుహ" లాంటి ధ్వని అయిపోయింది, మా అత్తగారి నోట్లో మాత్రం ఆరు వందల ఏళ్ళ కిందటి గ్ల అలాగే ఉంది. అంటే ఆవిడ నోరు ఒక పాత శాసనం అండి. కానీ తెలుగులో కూడా పట్టని అచ్చులు ఉన్నాయి, మాట చివర వినీ వినపడనట్టు వచ్చేది ఒకటుంది, దాన్ని నేను ఎలా రాసినా తప్పే. నేను భాషా శాస్త్రం చదువుకోలేదు, షిప్పింగ్ ఆఫీసులో లెక్కలు రాసే మనిషిని. ఒక ఊరి భాషకి, మా వీధిలో ఉన్న రికార్డు మొత్తం ఒక పరాయి దేశపు కోడలు పరాయి లిపిలో రాసిన రెండు నోట్‌బుక్కులు అంటే నాకు భయంగా ఉంది.

ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు కదమ్మా అని మీ ఆఫీసులో ఒకావిడ అన్నారు. చేశానండి, చాలా చేశా. విమానాలు! ఎయిర్‌పోర్టు పక్క ఊరు కదా. ఆవిడ ఒక పాట ఎత్తుకుంటారు, రెండో చరణానికి విమానం వస్తుంది, ఆవిడ ఆగిపోతారు, అది వెళ్ళాక ఎక్కడ ఆపారో గుర్తు రాదు. కిటికీలు మూస్తే గాలి ఆడక ఆయాసం. ఆవిడకి ఎనభై ఎనిమిది ఏళ్ళు.

అసలు బాధ ఇప్పుడు చెప్తా. మొదటి అర్జీ పెట్టినప్పటి నుంచి ఇప్పటికి మా వీధిలో ముగ్గురు పోయారు. రెండో అర్జీలో సంతకం పెట్టినవాళ్ళలోనే ఇద్దరు. ఒకాయన ద్రాక్ష కొమ్మల కత్తిరింపు దగ్గర్నుంచి పీపాల దాకా ప్రతి పనికీ ప్రతి పనిముట్టుకీ అర్వానీటికలో పేరు చెప్పేవాడు, మా ఆయనకి వాటిలో సగం గ్రీకులో కూడా తెలీదు. ఇంకొకావిడ మా అత్తగారి అక్క. చావు ఇంట్లో పాడే ఏడుపు పాటలు ఆవిడకి వచ్చు, చనిపోయిన మనిషి పేరు, పని, పిల్లల్ని అన్నీ కలిపి అప్పటికప్పుడు కట్టి పాడేది. ఆవిడ ఎప్పుడూ "మనుషులొస్తారన్నారు కదా, వచ్చినప్పుడు పాడతా, ఊరికే ఇంట్లో పాడితే అపశకునం" అనేది. మీవాళ్ళ కోసం దాచుకుంది అండి ఆ పాటల్ని. పోయిన ఫిబ్రవరిలో ఆవిడే పోయింది. శవం పక్కన కూర్చుని మా అత్తగారు అక్క కోసం రెండు వరుసలు పాడి ఆగిపోయారు, మిగతాది అక్కకే తెలుసు అన్నారు. గదిలో ఇరవై మంది ఉన్నాం, అందుకునేవాళ్ళు ఒక్కరు లేరు. నా దగ్గర ఆవిడ గొంతు నాలుగు నిమిషాలు ఉంది, అందులో ఒకటిన్నర నిమిషం విమానం మోతే.

ఇది మీకు చేతకాని పని అయితే అడిగేదాన్ని కాదు. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు పీటర్, పాల్ సెయింట్ల పాత చర్చి అడ్డం వస్తే పడగొట్టకుండా కట్టడాన్ని కట్టడంలాగే జరిపి వేరే చోట పెట్టారు. అదే స్థలంలోని జాగని గుట్ట తవ్వితే బయటపడిన వేల ఏళ్ళ నాటి ఊరి సామాన్లకి టెర్మినల్లోనే చిన్న మ్యూజియం ఉంది. 1877 లో స్పాటాలో దొరికిన, మూడు వేల ఏళ్ళు దాటిన మైసీనియన్ కాలపు సమాధుల్లోని దంతపు బొమ్మలు ఏథెన్స్ మ్యూజియంలో అద్దాల్లో ఉన్నాయి. అన్నీ మంచి పనులే, చూసినప్పుడల్లా దండం పెట్టుకుంటా. మరి ఇంకా ఊపిరి తీసుకుంటున్న మనిషి నోట్లో ఉన్నదాన్ని ఎందుకు వదిలేస్తున్నారు? దక్షిణ గ్రీసులో లెయోనిడియో ఊళ్ళో త్సకోనియన్ భాష కోసం బోర్డు పెట్టుకున్నారు, మా భాష త్సకోనియన్, మమ్మల్ని అడగండి చెప్తాం అని. అది ప్రాచీన డోరిక్ గ్రీకు నుంచి వచ్చింది కాబట్టి గర్వం, ఇది అల్బేనియన్ నుంచి వచ్చింది కాబట్టి గుట్టు, ఇదేనా తేడా?

రాజకీయం అనుకుంటారేమో, కాదు. ఇక్కడ ఎవ్వరూ మైనారిటీ హోదా అడగట్లేదు. ఆ మాట అంటే మా అత్తగారికి కోపం వస్తుంది, మేం గ్రీకులమే అంటారు, నిజమే కూడా. 1821 లో తుర్కుల నుంచి స్వాతంత్ర్యం కోసం ఓడలు దింపిన హైడ్రా, స్పెట్సెస్ దీవుల ఇళ్ళల్లో ఈ భాషే. ఆ యుద్ధంలో ఓడలు నడిపిన బుబులీనాది స్పెట్సెస్, ఆవిడ బొమ్మ 1988 లో ఒక డ్రాక్మా బిళ్ళ మీద మీరే వేశారు. 1924 లో రిపబ్లిక్ మొదటి అధ్యక్షుడైన అడ్మిరల్ పావ్లోస్ కుందురియోటిస్‌ది హైడ్రాలో అర్వానైట్ల ఇల్లు. 1809 లోనే, తర్వాత ఆ యుద్ధంలో వీరుడైన మార్కోస్ బోట్సారిస్ గ్రీకు, అల్బేనియన్ మాటల పట్టిక రాశాడు. ఆ వీరుల విగ్రహాలకి దండలు వేస్తున్నప్పుడు వాళ్ళ అమ్మలు మాట్లాడిన భాష గురించి ఒక్క ముక్క చెప్పరు. మా అత్తగారు చిన్నప్పుడు బడిలో ఈ మాట నోట్లోంచి వస్తే టీచరు చేతి మీద కొట్టేవాడట, అందుకే ఆవిడ తన పిల్లలకి నేర్పలేదు. మా ఆయనకి అర్థం అవుతుంది, మాట్లాడలేడు. మా పాపకి నాలుగు తిట్లు, రెండు తిండి మాటలు వచ్చు. 1951 జనాభా లెక్కల్లో ఈ దేశంలో అల్బేనియన్ మాట్లాడేవాళ్ళు 22,736 మంది అని రాసుకున్నారు, ఆ తర్వాత లెక్క పెట్టటమే మానేశారు. యునెస్కో మాత్రం అర్వానీటికని తీవ్ర ప్రమాదంలో ఉన్న భాష అని రాసింది.

మేం అడిగేది, మూడు అర్జీల్లోనూ ఉంది, మళ్ళీ చెప్తున్నా. మంచి మైకు, భాష తెలిసిన ఒక్క మనిషి, వారం రోజులు. విమానాల మోత వినపడని గది ఏదైనా ఒకటి చూపించండి, ముసలివాళ్ళని మా కార్లలో మేమే తీసుకొస్తాం, భోజనాలు మేమే పెడతాం. రికార్డు చేసింది ఎక్కడ దాస్తారో చెప్పండి చాలు, మా పాప పెద్దయ్యాక వెళ్ళి వింటుంది. దీనికి ఏ చట్టం మార్చాలి మంత్రి గారూ? ఎవరి సంతకం కావాలి? చెప్తే నేనే వచ్చి ఆ గుమ్మం దగ్గర కూర్చుంటా. దయచేసి ఈసారి నంబర్ పంపకండి. మనిషిని పంపండి.

వచ్చేవాళ్ళని పొద్దున్నే రమ్మనండి. మధ్యాహ్నం అయితే మా అత్తగారికి గొంతు అలిసిపోతుంది, గ్రీకులోకి వచ్చేస్తారు. పొద్దున కాఫీ తాగాక ఒక రెండు గంటలు మాత్రం అన్నీ గుర్తుంటాయి. ఈ మధ్య అక్క పాటలో మూడో వరుస గుర్తొచ్చిందని నన్ను పిలిచి రాయించారు, నాలుగోది కూడా వస్తుంది ఆగు నూసె అంటున్నారు.

ఇట్లు,
స్పాటా ఊరి కోడలు, బాపట్ల ఆడపడుచు