కొత్త రూటర్ అడిగిన రోజే ఎందుకు ఇవ్వడం లేదంటే

మన దగ్గర ఫైబర్ నెట్ కనెక్షన్ తీసుకున్న కావలి కస్టమర్లందరికీ నమస్కారం. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట. "అన్నా, నెట్ కట్ కట్ అవుతోంది, రూటర్ మార్చు." అడిగిన అందరికీ మార్చడం లేదు. "పాత బాక్సునే తుడిచిపెట్టి పోయారు" అని కొందరు అలిగారు కూడా. అందుకే విషయం విడమరిచి చెబుతున్నాను.

రూటర్ అమ్మితే నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి, ఆ మాట దాచను. కానీ కొత్తది పెట్టిన వారానికే మళ్లీ అదే ఫోన్ వస్తే మీ డబ్బూ పోయినట్టే, మా పిలకాయలు ఎండన పడి తిరిగిందీ వృథా. కేబుల్ టీవీ కాలం నుంచి నా నంబరు ఊళ్లో అందరి దగ్గరా ఉంది. తప్పించుకొని తిరిగే అవకాశం నాకు లేదు. అందుకని ఇకపై లోపం ఎక్కడుందో తేలాకే రూటర్ మాట.

మీ వైపు నుంచి నేను అడిగేది ఒక్కటే. నెట్ పోగానే స్విచ్ ఆపి మళ్లీ వేయకండి. ముందు బాక్సు మీద లైట్లు చూడండి. అలా ఆపి మళ్లీ వేస్తే ఆ కాసేపటికి నెట్ రావచ్చు గానీ, ఎందుకు పోయిందో చెప్పే ఆనవాలు కూడా దాంతోనే పోతుంది. లైట్లన్నీ ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలుగుతున్నాయంటే అది కరెంటు గొడవ. ఎల్ఓఎస్ (LOS) అని రాసిన చోట ఎర్ర లైటు వచ్చిందంటే ఫైబర్‌లో, అంటే నెట్ తెచ్చే గాజు వైరులో, వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదు. లైట్లన్నీ పచ్చగా, నిలకడగా ఉండి ఫోన్లో మాత్రం నెట్ ఆడకపోతే అప్పుడు చాలాసార్లు వైఫై సంగతి. ఫోన్ చేసినప్పుడు "నెట్ రావడం లేదు" అనే బదులు "ఎర్ర లైటు వచ్చింది" అన్నారంటే మా వాళ్లు పవర్ మీటర్ (ఫైబర్‌లో వెలుతురు కొలిచేది) తీసుకొని బయల్దేరాలా, అడాప్టర్ తీసుకొని బయల్దేరాలా అనేది ఇక్కడే తేలిపోతుంది.

అడాప్టర్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అందరినీ ఎక్కువగా బోల్తా కొట్టించేది అదే. రూటర్లలో చాలావాటికి 12 వోల్టుల అడాప్టర్ వస్తుంది. ఏళ్ల తరబడి వేడికి లోపల వోల్టేజీని నిలకడగా ఉంచే కెపాసిటర్ అనే చిన్న భాగం ఉబ్బిపోతుంది. అయినా మీటర్ పెట్టి చూస్తే 12 చూపిస్తుంది. ఎందుకంటే అప్పుడు దాని మీద బరువు, అంటే లోడ్, లేదు. రూటర్‌కు తగిలించి ఇంట్లో నాలుగు ఫోన్లు, టీవీ కలిసేసరికి వోల్టేజీ జారిపోయి బాక్సు తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. తుమ్మలపెంట వైపు ఒక రొయ్యల గుంట దగ్గర షెడ్డులో కెమెరాలకు మన కనెక్షన్ ఉంది. రాత్రిపూట ఏరియేటర్లు (గుంట నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేసిన ప్రతిసారీ నెట్ పోతోందని గొడవ. మోటార్లు ఎత్తుకునేటప్పుడు ఒక్క క్షణం లాగే కరెంటు మామూలుగా తిరిగేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ క్షణంలో లైన్ వోల్టేజీ పడిపోతుంది, నీరసించిన అడాప్టర్ దాన్ని తట్టుకోలేదు. అడాప్టర్ మార్చి, పక్కన చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టాం. రూటర్ అదే పాతది, ఇప్పుడు బాగానే ఆడుతోంది.

ఇంకో మాట. పిన్ను పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ తీసి రూటర్‌కు పెట్టకండి. దాని మీద 9 వోల్టులనో, ఆంపియర్లు తక్కువనో రాసి ఉండొచ్చు. లైట్లు వెలుగుతాయి, పని మాత్రం సాగదు.

ఎర్ర లైటు సంగతికి వస్తే, అది చాలావరకు మా నెత్తిన పడేదే. లోపల నడిచేది వెంట్రుక కంటే కాస్త లావు గాజుపోగు. అందులో వచ్చే వెలుతురును మీటరుతో కొలిస్తే అంకె డీబీఎం అనే కొలతలో, మైనస్‌లో చూపిస్తుంది. మైనస్ 20 దరిదాపుల్లో ఉంటే దిగుల్లేదు. మైనస్ 27 దగ్గరికి వస్తే ఉంటుందో పోతుందో చెప్పలేని స్థితి. మైనస్ 20 కాస్తా మైనస్ 23 అయినట్టు అంకె 3 దిగిందంటే వెలుతురు సగానికి పడిందని లెక్క. కోతలప్పుడు ట్రాక్టర్లు గడ్డి ఎత్తుగా వేసుకొని వీధుల్లోకి వస్తాయి, వైరు తగులుకుంటుంది. తెగిపోతే మాకు సుఖం, ఎక్కడ తెగిందో కనపడుతుంది. తెగకుండా సాగి, లోపల గాజు నలిగిందా, అప్పుడే తంటా. గాలి వీస్తే పోతుంది, ఆగితే వస్తుంది, మేం వచ్చేసరికి బాగుంటుంది.

ఇంటి లోపల కూడా ఇదే జరుగుతుంది. మంచం గోడకు జరిపినప్పుడు, టీవీ స్టాండ్ వెనక్కి తోసినప్పుడు గోడ నుంచి రూటర్‌కు వచ్చే సన్నటి పసుపు ఫైబర్ వైరు (ప్యాచ్ కార్డ్) మడత పడుతుంది. కరెంటు వైరుకు మడత ఏమీ కాదు, ఫైబర్‌కు అలా కాదు. మడత దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది. వదులుగా, పెద్ద చుట్టగా వదిలేయండి. కొన లాగి చూడాలనిపిస్తే కంటికి ఎదురుగా మాత్రం పెట్టుకోవద్దు. అందులో వచ్చేది కంటికి కనపడని లేజర్. పిల్లలున్న ఇళ్లలో ఇది మరీ జాగ్రత్త.

ఇక వైఫై. జెండా చెట్టు, పాత ఊరు లాంటి ఇరుకు వీధుల్లో ఒక్క ఇంట్లో నిలబడి ఫోన్ తీస్తే చుట్టుపక్కల పేర్లు పేజీ నిండా వస్తాయి. ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే రేడియో దారిలో కొట్టుకుంటుంటాయి. అందులో ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉండే ఛానళ్లు (ఆ దారిలో లేన్లు అనుకోండి) 1, 6, 11 మాత్రమే. మా వాళ్లు వచ్చి తక్కువ రద్దీ ఉన్నదానికి మార్చి పోతారు, దానికి డబ్బులేమీ తీసుకోం. మీ బాక్సులో 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటే రెంటికీ వేరే వేరే పేర్లు పెట్టించుకోండి. రూటర్ ఉన్న గదిలో 5, దూరం గదుల్లో 2.4. ఒకే పేరుంటే ఫోను అటూ ఇటూ మారుతూ మధ్యలో వీడియో కాల్ తెంపేస్తుంది. రూటర్‌ను బీరువా వెనకో, టీవీ వెనకో దాచి "పడగ్గదిలో రావడం లేదు" అంటే మేం చేయగలిగింది తక్కువ. ఇనుమును దాటడం వైఫైకి కష్టం. అటక మీద పెట్టడం ఇంకా దారుణం. చాలా రూటర్లను 40 డిగ్రీల వేడి వరకే అని కంపెనీలు రాసి ఇస్తాయి. మన వేసవిలో బయటే అది దాటుతుంది, ఇక స్లాబు కింద అటక మీద చెప్పేదేముంది.

ఈమధ్య ఎక్కువగా కనపడుతున్న ఇంకో తిరకాసు, మేడ మీదికని పాత రూటర్‌ను తెచ్చి తగిలించడం. ఐడియా మంచిదే. కానీ రెండు బాక్సులూ 192.168.1.1 అనే ఒకే నంబరుతో, ఇంట్లో ఫోన్లకు నంబర్లు పంచే పని రెండూ చేస్తుంటే సగం ఫోన్లు దీన్ని, సగం దాన్ని పట్టుకుంటాయి. పొద్దున బాగుంటుంది, సాయంత్రం ఆగిపోతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. రెండోదానిలో డీహెచ్‌సీపీ, అంటే ఆ నంబర్లు పంచే పని, ఆపేసి నంబరు మారిస్తే సరిపోతుంది. పాతది తగిలించే ముందు ఒక ఫోన్ కొట్టండి చాలు.

రూటర్ వెనక చిన్న రంధ్రంలో సూది పెట్టి నొక్కితే మాత్రం దండం పెడతాను. అది రీస్టార్ట్ కాదు, రీసెట్. మేం వేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోతాయి, అంతవరకు వచ్చీరాని నెట్ పూర్తిగా పోతుంది.

మా వైపు సంగతి కూడా చెప్పాలి. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా స్పీడు తగ్గడం నిజమే. అది మీ రూటర్ వల్ల కాదు, పై కంపెనీ నుంచి మేం తీసుకునే బ్యాండ్‌విడ్త్ (ఊరంతటికీ కలిపి వచ్చే నెట్ సామర్థ్యం) ఆ వేళకు నిండిపోతోంది. పెంచడానికి మాట్లాడుతున్నాను, ఆ ఖర్చు ఈ నెల బిల్లులో కలపను. స్పీడు తగ్గడం వేరు, కట్ కావడం వేరు. ఫోన్లో ఆ తేడా చెప్పండి.

ఇకపై మా కుర్రాళ్లు వస్తే ముందు మీటర్ పెట్టి అంకె మీకు చూపిస్తారు, తర్వాత వేరే అడాప్టర్ పెట్టి చూస్తారు. అయినా ఆగకపోతే మా రూటర్ ఒకటి మీ ఇంట్లో ఊరికే పెట్టి వెళతారు. దాంతో కుదురుకుంటేనే కొత్తది కొనండి. వారంటీలో ఉన్నదైతే మార్చి ఇస్తాం. ప్యాచ్ కార్డ్ ఎలుక కొరికితే ఆ వైరు ఖరీదు మాత్రమే.

తుమ్మలపెంట రోడ్డు వైపు వేలాడుతున్న వైర్లు ఈ ఆదివారం ఎత్తు పెంచి కడుతున్నాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అటువైపు ఎర్ర లైటే ఉంటుంది. ఆ పూట ఆన్‌లైన్ పరీక్షలు, ఆఫీసు పని ఉన్నవాళ్లు శనివారం లోపు చెబితే ఆ వీధి పని వేరే రోజుకు మారుస్తాం.