వాడు పాడాలిరా

ఒరేయ్,

మనవాళ్లందరం కలిసి పాడుకోవడానికి ఎక్కడికెళ్దాం అని అడిగితే "ఎక్కడైనా పర్లేదు, నువ్వే చూడు" అని ఫోన్ పెట్టేశావు గానీ, ఎక్కడైనా అంటే నాకు మాత్రం పర్లేదనిపించలేదు. అందుకే ఈ వారం రెండు కరావోకే బార్‌లు, అదే, వాద్యాల ట్రాక్ వేస్తే దాని మీద మనమే పాడుకునే చోట్లు, స్వయంగా వెళ్లి చూసొచ్చి మరీ రాస్తున్నా. కాస్త పొడుగైంది, మధ్యలో వదిలెయ్యకుండా చదువు.

పోయినసారి సంగతి గుర్తుందా? పెద్ద హాలు, స్టేజీ, చీటీ మీద పాట పేరు రాసిచ్చి కూర్చోవడం. మనకన్నా ముందు పదహారు చీటీలున్నాయని చెప్పారు, మనం సరేలే అనుకున్నాం. పాటకి 4 నిమిషాలేసుకున్నా గంట దాటిపోతుందని ఎవరికీ తట్టలేదు. ఆ గంటసేపూ మన చిన్నోడు టిష్యూ కాగితం చింపి, చిన్న చిన్న ఉండలు చేసి, టేబుల్ అంచున వరసగా పేరుస్తూ కూర్చున్నాడు. నేను వాడి పక్కనే ఉన్నా కదా, చూస్తూనే ఉన్నా. తీరా పిలిచాక పల్లవి బాగానే ఎత్తుకున్నాడు, చరణంలో పైకెళ్లే చోట గొంతు అందలేదు. ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కూడా కొట్టారు. అయినా వాడు మైకు స్టాండుకి తగిలించి వచ్చేశాడు చూడు, ఆ తర్వాత వాడు పాడగా నేను వినలేదు. హాస్టల్లో బట్టలుతుకుతూ కూడా పాడినవాడురా వాడు!

అది వాడి గొంతు తప్పు కాదు, శృతి తప్పు. ట్రాక్ అసలు గాయకుడి శృతిలో ఉంటుంది, అది అందరికీ ఎలా సరిపోతుంది? మెషీన్‌లో శృతి మార్చే బటన్ ఉంటుంది, ఒక్కసారి నొక్కితే హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి లెక్కేస్తే ఒక్క మెట్టు దిగినట్టు. రెండు మూడు మెట్లు దించితే వాడు ఆ చరణం హాయిగా పాడేసేవాడు. హాల్లో అంత రద్దీలో అడగాలని మనకీ తోచలేదు, వాళ్లూ చెప్పలేదు.

అసలు కరావోకే పుట్టిందే ఇందుకు. జపాన్‌లో కోబె నగరంలో డైసుకే ఇనోవే అని క్లబ్బుల్లో వాయించే ఆయన ఉండేవాడు. ఓ కంపెనీ యజమాని తనతో టూర్‌కి వచ్చి వాయించమంటే, వెళ్లడం కుదరక, ఆయన పాడుకోవడానికి వీలుగా వాద్యాలు మాత్రం టేపు మీద రికార్డు చేసిచ్చాడు. ఆ ఆలోచనతోనే 1971లో 11 మెషీన్లు చేయించి బార్‌లకి అద్దెకిచ్చాడు. అంటే పాడేవాడి కోసం పాట దిగిరావాలి గానీ, పాట కోసం వాడు గొంతు చించుకోవడమేంటి?

ఇక నేను చూసినవి. మొదటిది హాలే. సందడి బాగుంది, ఒప్పుకుంటా. ముక్కూమొహం తెలియనివాళ్లు మన పాటకి గొంతు కలిపితే వచ్చే ఊపు గదిలో రాదు, నీకు అదే ఇష్టమని కూడా తెలుసు. కానీ సాహిత్యం కనిపించే స్క్రీన్ ఒక్కటే ఉంది, అది కూడా పాడేవాడి వెనకాల. పాట సగం తెలిసినవాడు మెడ తిప్పుకుని పాడాల్సిందే. పైగా స్పీకర్లు స్టేజీ వైపే తిరిగున్నాయి, మైకు కాస్త అటు తిరిగితే చాలు కీచుమంటోంది.

రెండోది గంటల లెక్కన గదులిచ్చేది. ఆరుగురం 2 గంటలు తీసుకుంటే ముప్పై పాటలు పడతాయి, మనిషికి ఐదు. ఐదు పాటలంటే మొదటిది చెడినా బెంగ ఉండదు కదరా, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మైకులో "టక్" అని చూశా, శబ్దం వెంటనే వచ్చింది. కొన్నిచోట్ల బ్లూటూత్ స్పీకర్ పెడతారు, అందులో మన గొంతు మనకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పిపోతుంది. మన పాటలున్నాయా అంటే ఎవరైనా ఉన్నాయనే అంటారు, అందుకని చిన్నోడి పాటే పేరు చెప్పి వెతికించా. ఉంది. శృతి బటన్ రిమోట్ మీదే ఉంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు. మైకులు రెండిచ్చారు, కాబట్టి వాడి పక్కన నువ్వు నిలబడొచ్చు.

నా ఓటు గదికే. పాడటం అయ్యాక హాలుకి వెళ్లి ఓ గంట కూర్చుందాం, నీ సరదా కూడా తీరుతుంది. తాగేవాళ్లు బండ్లు తేవద్దని గ్రూపులో చెప్పెయ్.

ఒక్క పని చెయ్యి. శనివారం లోపు చిన్నోడికి ఫోన్ చేసి, మాటల్లో మాటగా ఆ పాట ఒక్కసారి హమ్ చేయించు, ఏ మెట్టు మీద ఎత్తుకుంటాడో విను. నువ్వు కీబోర్డ్ వాయిస్తావు కాబట్టి ఇట్టే పట్టేస్తావు. నాకు మెసేజ్ పెడితే మనం గదిలోకి అడుగుపెట్టగానే బటన్ నేనే నొక్కి ఉంచుతా. వాడికి మాత్రం చెప్పకు.

నీ
నేను