గండికోట ఫోటోలు ఏవంటే...

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం గండికోట వెళ్లొచ్చిన తొమ్మిదో తరగతి గురించి వాట్సాప్ గ్రూపులో మీరు రాసినవన్నీ చదివాను. ఒక్క ఫోటో కూడా లేదు, బస్సు డబ్బులు దండగ అన్నారొకరు. బస్సులో తెలుగు మాస్టారు చెప్పిన ఫిలాసఫీ పదో తరగతిలో ఎన్ని మార్కులకొస్తుందని ఇంకొకరు అడిగారు. సున్నా మార్కులకండీ.

మా తెలుగు మాస్టారు టీచర్ల ఫోన్లతో సహా అన్నీ ఒక గోనెసంచిలో వేయించారు. పిల్లల్ని లోయకు ఇవతల నీడలో కూర్చోబెట్టి అరగంట చూడమన్నారు, చూసింది రాయమన్నారు. 'అందం', 'అద్భుతం' అనే మాటలు వాడకూడదని షరతు.

బస్సులో ఆయన చెప్పిన కథ ఫిలాసఫీ ప్రొఫెసర్ జె.ఎన్. మొహంతి గారిది. 1928లో కటక్‌లో పుట్టి, జర్మనీలో ఒకప్పుడు తత్వవేత్త హుస్సెర్ల్ పాఠాలు చెప్పిన గొట్టింగెన్‌కే వెళ్లి 1954లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తిరిగొచ్చాక వినోబా వెంట భూదానం కోసం కాలినడకన తిరిగారు. 1951లో మన పోచంపల్లిలో మొదలైన భూదానమే అది! ఆ తర్వాత కలకత్తాలో, అమెరికాలో ఓక్లహోమా, టెంపుల్ యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పారు. ఒక చేత హుస్సెర్ల్‌నీ, ఇంకో చేత మన పాతకాలపు తార్కికుడు గంగేశుడి తర్కశాస్త్రాన్నీ పట్టుకుని 2023లో పోయేదాకా ఆ చదువు వదల్లేదు. హుస్సెర్ల్ మొదలుపెట్టిన ఆ చదువు పేరు ఫినామినాలజీ అంటే బెదరకండి. ఒకదాని గురించి ముందే తెలుసనుకున్నది కాసేపు పక్కన పెట్టి, అది మనకు ఎలా కనబడుతోందో చూడటం. ఇంతకంటే పెద్ద చదువు నాకైతే తెలీదు.

ఒకమ్మాయి, "ఎండలో రాయి తెల్లగా ఉంది, మబ్బు పట్టాకే ఎర్రబడింది" అని రాసింది. ముప్పై ఏళ్లుగా గండికోట వెళ్తున్నా, నా కంటికి ఆనలేదు. మార్కుల్లో ఎప్పుడూ వెనకబడే అబ్బాయి, "పెన్నా చప్పుడు వినబడుతుందనుకున్నా. వినబడలేదు. అందుకే అంత నిశ్శబ్దంగా అనిపించింది" అన్నాడు. ఆ కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది.

ఇంటి దగ్గర ఫెయిర్ చేసి తెమ్మంటే మాత్రం నాలుగు వ్యాసాలు నాన్నల చేతిరాతలో వచ్చాయి. నాలుగూ 'ప్రకృతి ఒడిలో' అనే మొదలయ్యాయి. రాత ముత్యాల్లా ఉంది, కాదనను. కానీ ఆ నాన్నలెవరూ బస్సెక్కలేదు కదండీ. ఫోన్ చూపిస్తేగానీ ముద్ద మింగడని ఎల్‌కేజీ పిల్లల గురించి చెప్పే అమ్మలకు ఇంకోసారి విడిగా రాస్తాను.

ఫీజు పదో తేదీలోపు కట్టండి, ఒంటిపూట బడుల బస్సు టైం డ్రైవర్ చెప్తారు, నీళ్ల బాటిల్ మీద పేరు రాయండి.

పిల్లలు అక్కడ రాసిన కాగితాలు ఆఫీసు బయట గోడకు అంటించాం. ఫోటోలు అడిగినవాళ్లు వచ్చి చదవండి. ఫోన్లు బండిలో పెట్టి రండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు, కడప