ర్యాంపు ఉంది, దారి లేదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లి దివ్యాంగ విద్యార్థుల వసతుల గురించి అడిగితే ముందుగా వినిపించే మాట "ర్యాంపు ఉంది సార్" అనే. అది అబద్ధం కాదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ కోసం పెట్టిన ఫైల్లో, తీసిన చోటుతో సహా నమోదైన జియోట్యాగ్ ఫొటో కూడా ఉంటుంది. కానీ ఫొటోలో వాలు కనబడదు. ర్యాంపు ఎక్కాక తగిలే గడప, రెండో అంతస్తులో వేసిన క్లాసు, బాత్రూముకు వేలాడే తాళం ఏవీ అందులో పడవు. గేటు నుంచి క్లాసుకు, ల్యాబుకు, లైబ్రరీకి, బాత్రూముకు, పరీక్ష హాలుకు దారి ఎక్కడా తెగకూడదు. ఒక్కచోట తెగినా మిగతాచోట్ల పెట్టిన ఖర్చు దండగే. మేం కొత్త పథకం అడగడం లేదు. ఇప్పుడు కడుతున్నవాటినే కొలిచి కట్టించండి, కొలత ఎం-బుక్కులో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కాకే బిల్లు ఇవ్వండి అంటున్నాం.

చట్టం మీ అధికారులకు తెలియంది కాదు. అయినా గడువు సంగతి గుర్తుచేయక తప్పదు. ప్రజలు వాడే పాత భవనాలన్నిటినీ నిబంధనలు వెలువడిన ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. ప్రమాణాలు పాటించని కొత్త భవనానికి కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వొద్దన్నది 44వ సెక్షన్. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలన్నది 32వ సెక్షన్. ఇన్నాళ్లూ ప్రమాణాలను సలహాల కింద చూసే వీలుండేది. దివ్యాంగులకు అందుబాటు కోరుతూ రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఆ వీలు లేకుండా చేసింది. ఆ ప్రమాణాలను పేర్కొన్న 2017 నిబంధనల్లోని 15(1)వ నిబంధన చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు కోరగా దేశవ్యాప్త పరిస్థితిపై నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. నిపుణుల కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

ఇక ర్యాంపు. సూత్రం చిన్నది: అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. బేస్‌మెంట్ రెండడుగుల ఎత్తుంటే ర్యాంపు పొడవు 24 అడుగులు. దానికి కింద ఐదడుగులు, పైన ఐదడుగులు చదును జాగా కలపాలి. మెట్ల పక్కన అంత చోటు ఉండదు. ఉన్న పదడుగుల్లోనే మేస్త్రీ సర్దేస్తాడు. అప్పుడు వాలు ఒకటికి ఐదవుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా ఎక్కలేరు, దిగేటప్పుడు ముందుకు తూలి పడతారు. దాన్ని హాయిగా వాడుకునేవి బైకులు మాత్రమే. అవి రాకుండా అడ్డంగా గొలుసు కడతారు, దాంతో కథ కంచికి చేరుతుంది. తప్పు మేస్త్రీది కాదు. ఎస్టిమేట్‌లో "ర్యాంపు: 1, లంసమ్" అని, అంటే కొలతల్లేకుండా గంపగుత్తగా, ఒక్క లైను రాసి వదిలేసినచోట వాలు సంగతి అతనికి ఎవరు చెప్పారు? చోటు చాలకపోతే ర్యాంపును మధ్యలో వెనక్కి తిప్పాలి, తిప్పిన చోట ఐదడుగుల చదును ఉంచాలి. ఎంత చోటున్నా 9 మీటర్లకు మించి ఏకబిగిన సాగనివ్వకూడదు.

తనిఖీకి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. మేస్త్రీలు వాడే నాలుగడుగుల రసమట్టం (స్పిరిట్ లెవెల్) ఒకటి చాలు. ఒక కొసను ర్యాంపు మీద పైవైపు ఆనించి బుడగ మధ్యకు వచ్చేదాకా రెండో కొస లేపి, దాని కింద ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలవాలి. నాలుగంగుళాలు దాటితే ర్యాంపు ఫెయిల్. పైన, మధ్యలో, కింద మూడు చోట్లా చూడాలి, ఎందుకంటే చివర్లో ఎత్తు సరిపోక ఆఖరి గజం నిటారుగా లేపేయడం మామూలే. వెడల్పు కనీసం 1200 మిల్లీమీటర్లు. చేతికమ్మీలు రెండు పక్కలా, రెండేసి ఎత్తుల్లో ఉండాలి. పైది 90 సెంటీమీటర్ల దగ్గర, కిందిది దాదాపు 75 దగ్గర. ర్యాంపు అయిపోయాక కూడా కమ్మీ 30 సెంటీమీటర్లు ముందుకు సాగాలి. చూపులేని వాళ్లకు వాలు ముగిసిందని చేతికి తెలిసేది దానివల్లే. ప్రారంభోత్సవానికి మెరవాలని పాలిష్ గ్రానైట్ పరుస్తారు. తొలి వానకే అది జారుడుబల్ల. గీతలు కొట్టిన సిమెంటు చౌక, క్షేమం కూడా.

ర్యాంపు ఎక్కాక తలుపు దగ్గర ఆగిపోయే సందర్భాలు ఎక్కువ. గడప 12 మిల్లీమీటర్లు దాటకూడదు. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ 90 సెంటీమీటర్లుండాలి. ఫ్రేముతో కలిపి కొలిచిన వెడల్పు లెక్కలోకి రాదు. రెండు రెక్కల తలుపులో ఒకదానికి ఎప్పుడూ గడియ పెట్టే ఉంచుతారు. అలా ఉంచితే మిగిలేది సగమే.

అన్నిటికన్నా పాడుగా కట్టేది బాత్రూము. కొలతలు తెలియక కాదు, వాడకం తెలియక. గది లోపల 2.2 మీటర్లు, 2 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగుల వృత్తం ఖాళీగా మిగలాలి. కమోడ్‌ను గోడ మధ్యలో బిగిస్తే రెండు పక్కలా చెరి సగం చోటే మిగులుతుంది, కుర్చీ ఏ పక్కా పట్టదు. ఒక గోడకు దగ్గరగా జరిపి, రెండో పక్క 90 సెంటీమీటర్లు వదిలితే కుర్చీని పక్కకు చేర్చి కమోడ్ మీదికి జరగొచ్చు. సీటు ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే, లోపల మనిషి పడిపోయినప్పుడు ఆ మనిషే తలుపుకు అడ్డం. పట్టుకునే కమ్మీని టైల్‌లో ప్లాస్టిక్ గుల్ల దించి స్క్రూతో బిగిస్తారు. మనిషి బరువంతా పడ్డ రోజు అది గోడలోంచి ఊడివస్తుంది. గోడ అవతలి దాకా బోల్టు వేసి వెనక పలక పెట్టి బిగించాలి. బిగించాక ఓ పెద్ద మనిషి వేలాడి చూడాలి, బిల్లు పాస్ చేసే ఇంజినీరైతే మరీ మంచిది. జెట్ స్ప్రే కూర్చున్నచోటి నుంచే అందాలి. ఇంత చేసినా ఆ గదిలో చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు చేరితే, తాళంచెవి అటెండర్ జేబులో ఉంటే, అది స్టోర్ రూమే. తాళం వేయొద్దని, శుభ్రం బాధ్యత ఫలానా వారిదని ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆడపిల్లలకు నాన్న, మగపిల్లలకు అమ్మ తోడొచ్చే సందర్భాలుంటాయి కాబట్టి ఈ గదికి విడిగా ద్వారం ఉండటం మేలు.

నేలమీద వేసే పసుపు పలకల గురించి ఒక్క మాట. గీతలున్నవి "ఇటు నడు" అని, బొడిపెలున్నవి "ఆగు" అని అర్థం. అందానికి రెండూ కలగలిపి పరిచి, చెట్టు మొదట్లోకి నడిపించే బదులు అసలు వేయకపోవడం నయం.

ఒక్క ఇటుకా పేర్చకుండా చేయగలిగింది టైమ్‌టేబుల్ మార్పు. డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్‌లో పెట్టే దోస్త్ దరఖాస్తులో రిజర్వేషన్ కోసం సర్టిఫికెట్ అడిగినప్పుడే అవసరం కూడా అడగండి: కింది అంతస్తు కావాలా, పాఠాలు సాఫ్ట్ కాపీలో కావాలా, సైన్ లాంగ్వేజ్ సాయం కావాలా, పరీక్షకు స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే మనిషి) కావాలా. ఆ సమాచారం అడ్మిషన్ నాడే కాలేజీకి చేరితే, క్లాసులు మొదలవక ముందే ఆ సెక్షన్‌ను కింది అంతస్తులో వేయొచ్చు. పరీక్షలప్పుడు హాల్‌టికెట్ నంబర్ల వరస ప్రకారం గదులు కేటాయిస్తే నడవలేని విద్యార్థి పై అంతస్తుకు పడే ప్రమాదం ఉంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్ వాడే విద్యార్థికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. బెల్లు కొట్టగానే పేపర్ లాక్కోకుండా, మధ్యాహ్నం సెషన్‌తో గొడవ రాకుండా ఉండాలంటే ఆ విద్యార్థులకు కింది అంతస్తులో విడి గది, విడి ఇన్విజిలేటర్ ఉండాలి.

దారి ఇటుకా సిమెంటుతోనే ఆగదు. తెలుగు మాధ్యమం నోట్సు డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలో టైపు చేస్తే తెరమీద తెలుగే కనిపిస్తుంది. కంప్యూటర్ లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్ దాన్ని చదివితే అర్థంలేని చప్పుళ్లు వస్తాయి. ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అదీ లేదు, మౌనం. నోట్సు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగు అక్షరాల్లో, టైపు చేసి, వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే సమస్య చాలావరకు తీరుతుంది. పాత అను ఫైళ్లకు కన్వర్టర్లున్నాయి. కాకపోతే వత్తులు తారుమారవుతాయి, ఒకసారి ప్రూఫ్ చూడాల్సిందే. కాపీరైట్ భయం వద్దు, దివ్యాంగుల కోసం ఇలా మార్చుకునే వెసులుబాటు 2012 సవరణే ఇచ్చింది. రికార్డు చేసిన పాఠాలకు కింద అక్షరాలు వేస్తే వినికిడి లోపం ఉన్నవాళ్లతో పాటు, ఫ్యాన్ల రొదలో చివరి బెంచీ నుంచి విన్నవాళ్లకూ పాఠం అందుతుంది. యూనివర్సల్ డిజైన్ అంటే ఇదే, ఒకరి కోసం వెనకవైపు ప్రత్యేక గుమ్మం పెట్టడం కాదు. ముందు గుమ్మానికి సరైన ర్యాంపు ఉంటే కాలికి కట్టు ఉన్న విద్యార్థి, నెలలు నిండిన లెక్చరర్, క్యాంటీన్‌కు సిలిండర్లు తెచ్చే ట్రాలీ అందరూ దానిమీదే వస్తారు.

మీ శాఖ నుంచి ఒక మెమో చాలు. ర్యాంపు, తలుపు, బాత్రూము ఐటమ్‌లు ఎస్టిమేట్‌లో లంసమ్‌గా కాకుండా వాలు, వెడల్పు, కమ్మీ ఎత్తులతో రావాలి. పని అయ్యాక చక్రాల కుర్చీ వాడే ఒకరు, చూపులేని ఒకరు గేటు నుంచి పరీక్ష హాలు దాకా స్వయంగా వెళ్లి చూసి సంతకం చేయాలి. ఆ సంతకం, రసమట్టం కొలత ఎం-బుక్కులో లేకపోతే ఫైనల్ బిల్లు ఆగాలి. పాత భవనాల్లో ముందుగా ఒక్కో కాలేజీలో ఒక్క బ్లాకు తీసుకుని, అందులో దారి పూర్తిగా కలిపాకే రెండో బ్లాకు ముట్టుకోమనండి. పది బ్లాకులకు పది ర్యాంపులు మంజూరు చేయొద్దని మా విన్నపం.

ఇట్లు,
కాలేజీ భవనాల అందుబాటు తనిఖీ చేసే ఇంజినీర్లు, అధ్యాపకులు