వాల్ మరీ ట్రిప్ మీద వచ్చిన తిట్లకి నా జవాబు

అందరికీ నమస్తే అండి. కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలోని రెజైనా నుంచి వాల్ మరీ అనే పల్లెకి, దాని పక్కనున్న పార్కుకి నేను వ్యాన్‌లో తీసుకెళ్ళిన జులై ట్రిప్‌కి వచ్చినవాళ్ళు గ్రూప్‌లో పెట్టిన మెసేజ్‌లన్నీ చదివాను, రెండ్రోజులు రిప్లై ఇవ్వలేదంటే పొగరుతో కాదు, ఏం చెప్పాలో తోచక.

"రెజైనా నుంచి నాలుగు గంటలు వ్యాన్‌లో కూర్చోబెట్టి ఇదా చూపించేది, మా ఊళ్ళో ఒక బజారు ఇంతకంటే పెద్దది" అని ఒకన్న రాశారు. నిజమే అన్నా, 2016 జనాభా లెక్కల్లో ఆ ఊరి మొత్తం జనం 126. తప్పు నాదే, పోస్టర్ మీద బైసన్ (అక్కడి అడవిదున్న) ఫొటో ఇంత పెద్దది వేసుకున్నాను గానీ ఊరి గురించి ఒక్క ముక్క రాయలేదు, ఆ ముక్కేదో ఇప్పుడు రాస్తున్నా.

ఈ సస్కాచువాన్ పల్లెలు చాలావరకు రైలు వల్ల పుట్టినవి. రైతు గుర్రపు బండిలో గోధుమలు వేసుకుని పొద్దున బయల్దేరితే చీకటి పడేలోపు ఇంటికొచ్చేయాలి, అంత దూరానికొక స్టేషను, దాని పక్కనే ఎత్తుగా చెక్క గోదాం, దాన్నే ఎలివేటర్ అంటారు (లిఫ్ట్ అనుకుని ఎక్కుదామన్న పిల్లాడు ఎవరి అబ్బాయో చెప్పను). వాల్ మరీకి రైలు కంటే ముందే మనుషులొచ్చారు, 1910లో ఫ్రెంచ్ మాట్లాడే క్యాథలిక్కులు ఫ్రెంచ్‌మన్ ఏటి లోయలో దిగి మేరీమాత లోయ అని పేరు పెట్టుకున్నారు, 1926కి అధికారికంగా విలేజ్ అయింది. తర్వాత 30ల్లో కరువు, దుమ్ము, ఆ తర్వాత లారీలొచ్చాయి, కమతాలు పెద్దవయ్యాయి, 1995లో ధాన్యం రైలు రవాణాకిచ్చే సబ్సిడీ ఎత్తేశారు, దాంతో చాలా ఊళ్ళలో చెక్క ఎలివేటర్లు పడగొట్టి పట్టాలు కూడా పీకేశారు. వాల్ మరీది మాత్రం ఇంకా నిలబడే ఉంది. పాత ఇటుకల బడిని మ్యూజియం చేశారు, మనం పది నిమిషాలు కూడా ఆగలేదు అక్కడ, అదీ నా తప్పే.

ఊరు చిన్నదే గానీ ఐస్ హాకీ ఆడిన బ్రయన్ ట్రాటియే పుట్టింది అక్కడే, 1956లో. చలికాలం గడ్డకట్టిన వాగు మీద ఆడి నేర్చుకున్న మనిషి, ఆటగాడిగా ఆరు స్టాన్లీ కప్పులు (ఆ ఆటలో అతిపెద్ద ట్రోఫీ) గెలిచాడు.

ఇక పార్కు. గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్ అంటే ఊటీలాంటిదని కొందరు వచ్చారు, అక్కడ ఉన్నది గడ్డే. 2005లో ఆల్బర్టా నుంచి 71 బైసన్‌లని తెచ్చారు, అంతకుముందు వందేళ్ళకి పైగా అక్కడ ఒక్కటీ లేదు. ప్రైరీ డాగ్ అంటే కుక్క కాదు, బాగా బలిసిన ఉడత లాంటిది, బొరియ ముందు రెండు కాళ్ళ మీద నిలబడి కీచుమంటుంది, నల్లతోకవి కెనడాలో బయట స్వేచ్ఛగా బతికేది ఈ చుట్టుపక్కలే. కాలికి ముల్లు గుచ్చుకుందని ఏడ్చిన పాప తొక్కింది నాగజెముడు, అవును, మైనస్ 30 పడే చోట మన నాగజెముడు ఉంటుంది!

వ్యాన్ దిగబడిన సంగతి. అక్కడి మట్టిని గంబో అంటారు, మన నల్లరేగడే అనుకోండి, పొడిగా ఉంటే సిమెంటు, నాలుగు చినుకులు పడితే చక్రానికి పిండిముద్దలా పట్టేస్తుంది. తడిస్తే ఆ రోడ్డు మీదకి వెళ్ళొద్దని బోర్డు ఉంది, నేను చూశాను, అయినా పోనిచ్చాను. మూడు గంటలు పదకొండు మంది దోమల్లో నిలబడ్డారు, ఫోన్ సిగ్నల్ లేదు. చివరికి ఒక పెద్దాయన ట్రాక్టర్ వేసుకొచ్చి గొలుసు కట్టి లాగాడు, డబ్బులిస్తే చెయ్యి అడ్డం ఊపాడు, పులిహోర డబ్బా ఇస్తే మూత తీసి వాసన చూసి సీటు పక్కన పెట్టుకున్నాడు.

అందుకే జులైలో వచ్చినవాళ్ళందరికీ సగం డబ్బులు వెనక్కి ఇస్తున్నా, ఈ శుక్రవారానికి పడతాయి. ఇకమీదట వాన ఉంటే ట్రిప్ వాయిదా, దారిలో స్విఫ్ట్ కరెంట్ అనే ఊళ్ళో పెట్రోలు, భోజనం అయ్యాకే కిందకి, అంటే దక్షిణానికి, దిగుతాం, ఎందుకంటే ఆ తర్వాత 120 కిలోమీటర్లు పెద్దగా ఏమీ దొరకదు. రాత్రి కూడా ఉంటాం, 2009 నుంచి ఆ పార్కు డార్క్ స్కై ప్రిజర్వ్, అంటే రాత్రి దీపాల వెలుతురు ఆకాశాన్ని పాడుచేయకుండా కాపాడే చోటు, పాలపుంత చూడకుండా తిరిగొచ్చేయడం నా బుర్రతక్కువ పని. రేటు 15 డాలర్లు పెరుగుతుంది, దాచేదేం లేదు, రాత్రి బస ఖర్చు అది.

సెప్టెంబర్ రెండో శనివారానికి ఏడు సీట్లున్నాయి. షాపింగ్ కావాలనుకునేవాళ్ళు దయచేసి బుక్ చేయకండి. నేనైతే ఎలాగూ వెళ్ళాలి, ఆ పులిహోర డబ్బా మా అత్తగారిది, ఇప్పటికి మూడుసార్లు అడిగారు.