నూనె కాదు చిన్నా, ముందు మసి సంగతి చూడు

చిన్నా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మాటలే ఇంకా బుర్రలో తిరుగుతున్నాయి. నీ షాట్‌గన్‌లో పేలిన షెల్ (తూటా) సగం బయటికొచ్చి ఇరుక్కుంటోందని, షూటింగ్ రేంజ్‌లో ఎవరో చెబితే లోపలంతా నూనె కొట్టావని, కాసేపు బాగానే ఆడి మళ్ళీ మొదటికొచ్చిందని అన్నావు కదా. నోటితో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. తుపాకీ ముందు పెట్టుకుని చదువు, కానీ ఈ కింది పేరా పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

ముందు షెల్స్ అన్నీ వేరే గదిలో పెట్టిరా. శుభ్రం చేసే బల్ల మీద ఒక్కటి కూడా ఉండకూడదు. తుపాకీ మూతి మనుషుల్లేని వైపు ఉంచి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ మీదకి వేలు పోనివ్వకుండా, బారెల్ కింద షెల్స్ వరసగా ఉండే మ్యాగజైన్ ట్యూబ్ ఖాళీ చెయ్యి, తర్వాత చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ వెనక్కి లాగి ఆపు. పేలిన ప్రతిసారీ తనే ఇంకో షెల్ ఎక్కించుకునే నీ సెమీ ఆటోమేటిక్ లాంటి వాటిలో ఉన్న ప్రమాదం ఏంటంటే షెల్ మూడు చోట్ల దాక్కోగలదు: షెల్ పేలే చాంబర్‌లో, ట్యూబ్‌లో, ఈ రెండింటికీ మధ్య షెల్‌ని పైకెత్తే పలక మీద. మూడూ కళ్ళతో చూడు, తర్వాత చిటికెన వేలితో చాంబర్ తడిమి చూడు. వేలు లోపలున్నప్పుడు రెండో చెయ్యి బోల్ట్ విడిచే బటన్ దగ్గర ఉండకూడదు, ఆ స్ప్రింగ్ వేలిని నుజ్జు చేస్తుంది. అంతా చూశాక ఇంకోసారి చూడు. ఖాళీగా ఉందని నీకు గుర్తున్నా సరే, మధ్యలో లేచి వెళ్ళి వస్తే మళ్ళీ మొదటి నుంచి చూడాల్సిందే. ఈ విషయంలో నేను మొండిదాన్నని నీకు తెలుసు, మొండిగానే ఉంటాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ దగ్గరున్నది గ్యాస్‌తో నడిచే తుపాకీ. షెల్ పేలగానే బారెల్‌లో ఉన్న చిన్న రంధ్రాల్లోంచి కొంచెం గ్యాస్ కిందికొచ్చి, మ్యాగజైన్ ట్యూబ్ చుట్టూ ఉన్న పిస్టన్‌ని తోస్తుంది, ఆ తోపుకే బోల్ట్ వెనక్కెళ్ళి ఖాళీ షెల్‌ని బయటికి విసిరేస్తుంది, స్ప్రింగ్ మళ్ళీ దాన్ని ముందుకు నెడుతుంది. అంటే తుపాకీ నడిచేది కాలిన మందు పొగతోనే, ఆ పొగ ప్రతిసారీ కొంత మసిని పిస్టన్ మీద, ట్యూబ్ మీద వదిలి వెళ్తుంది. నువ్వు వాడేవి 24 గ్రాముల గుళ్ళుండే తేలిక షెల్స్, వాటిలో వచ్చే తోపు అసలే తక్కువ. ఆ ఉన్న కాస్త బలం మసిని దాటుకుని వెళ్ళడానికే అయిపోతే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. బరువు షెల్స్ వేస్తే అదే తుపాకీ చక్కగా ఆడుతుంది, దాంతో షెల్స్ బాగాలేవని అందరూ అనుకుంటారు. ముందు అనుమానించాల్సింది మసిని.

నూనె కొట్టగానే కాసేపు ఆడింది అన్నావు చూడు, అది కూడా అందుకే. తడి ఉన్నంతసేపు జారుతుంది, తర్వాత వేడికి నూనె కాలి, మసితో కలిసి, పొయ్యి మీద అడుగంటిన గిన్నెకి పట్టిన జిడ్డులా గట్టిపడుతుంది. ఇంకా నూనె పోస్తే ఇంకా జిడ్డు.

నీకు సలహా ఇచ్చినాయన మీద కోపం తెచ్చుకోకు, ఆయన చెప్పింది ఇంకో రకం తుపాకీకి సరిపోయే మాట. అమెరికా తుపాకీ నిపుణుడు బ్రౌనింగ్ 1900లో పేటెంట్ పొందిన ఆటో-5 అనే షాట్‌గన్ ఉంది కదా, అందులో గ్యాస్ పనేమీ లేదు, పేలినప్పుడు బారెల్ మొత్తం ట్యూబ్ మీదుగా వెనక్కి జారుతుంది, కాబట్టి ఆ ట్యూబ్‌కి పల్చటి నూనె పొర కావాలి. అందులో కూడా ఎక్కువైతే బ్రేకులా పట్టుకోవాల్సిన రింగు జారిపోయి భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇక బెనెల్లీ కంపెనీవి లాంటి, వెనక్కి తన్నే దెబ్బతోనే నడిచే ఇనర్షియా తుపాకుల్లో గ్యాస్ బయటికి రాదు గనుక మసి తక్కువ, అక్కడ చూసుకోవాల్సింది బోల్ట్ తల తిరిగే చోటు. ఒకదానికి చెప్పిన మాట ఇంకోదానికి పనికిరాదు. నీ మోడల్ మాన్యువల్‌లో ఒక మాటా నా ఉత్తరంలో ఇంకో మాటా ఉంటే మాన్యువల్ మాటే విను.

కిటికీలు తెరిచి, చేతులకి గ్లోవ్స్, కళ్ళకి అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టు. ట్యూబ్ చివరి మూత విప్పి, ముందు చేత్తో పట్టుకునే చెక్క తీసి, బారెల్ ముందుకు లాగితే వచ్చేస్తుంది. బారెల్ తీసేసి ఉన్నప్పుడు మాత్రం బోల్ట్ విడిచే బటన్ ఊరికే నొక్కకు, ఆపేది ఏమీ లేక బోల్ట్ దూసుకొచ్చి, అది ఉండే లోహపు పెట్టె, అంటే రిసీవర్‌కి దెబ్బ తగులుతుంది. హ్యాండిల్ పట్టుకుని మెల్లగా ముందుకు వదలాలి. పిస్టన్, రింగులు తీసేముందు ఫోన్‌తో ఫోటో తీసుకో. ఏది ముందు, ఏ వైపు ఎటు అన్నది తారుమారైతే ఎంత శుభ్రం చేసినా తుపాకీ ఆడదు. కొన్ని మోడళ్ళలో ట్యూబ్ మీద సన్నటి రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది, చీలిందేమో చూడు, చీలితే గ్యాస్ అక్కడే కారిపోతుంది.

ఎక్కువ సమయం పిస్టన్ దగ్గరే పెట్టు. మసిని కరిగించే సాల్వెంట్ రాసి కాసేపు నాననివ్వు, తొందరపడి గీకకు. నానాక నైలాన్ బ్రష్‌తో తోమి గుడ్డతో తుడువు, ట్యూబ్ బయటి వైపు కూడా అలాగే, లోహం మెరుపు కనిపించేదాకా. గ్యాస్ రంధ్రాల్ని పైప్ క్లీనర్‌తో శుభ్రం చెయ్యి. డ్రిల్ బిట్టూ మేకూ పెట్టొద్దు, ఆ రంధ్రం కొలత కొంచెం పెరిగినా తుపాకీ తీరే మారిపోతుంది. అంతా అయ్యాక పిస్టన్నీ ట్యూబ్‌నీ దాదాపు పొడిగా వదిలెయ్. నూనె అంటిన గుడ్డతో ఒకసారి తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడిస్తే మిగిలే ఆ పల్చటి పొర చాలు, అది తుప్పు పట్టకుండా ఉండటానికే.

బారెల్‌ని వెనక నుంచి మూతి వైపుకే తోముకుంటూ వెళ్ళు, అప్పుడు మురికి చాంబర్ వైపు రాదు. లోపల ఉండేది మసి ఒక్కటే కాదు, షెల్‌లో మందుకీ గుళ్ళకీ మధ్య ఉండే ప్లాస్టిక్ వాడ్ రాసుకుని సన్నటి గీతల్లా అంటుకుంటుంది, అది వదలడానికి కంచు బ్రష్ కావాలి. చాంబర్ బారెల్ కంటే కొంచెం వెడల్పు, కాబట్టి దానికి వేరే బ్రష్ ఉంటే మంచిది. చాలామంది బారెల్ అద్దంలా చేసి చాంబర్ వదిలేస్తారు, షెల్ పట్టేసుకునేది మాత్రం అక్కడే. చివర్లో వెలుతురుకి ఎత్తి ఇటు నుంచి అటు చూడు. ఒక్క గుడ్డ పేలిక లోపల ఉండిపోయినా బారెల్ పగిలిపోగలదు. 12 బోర్ తుపాకీలో పొరపాటున అంతకంటే సన్నటి 20 బోర్ షెల్ వేస్తే అది చాంబర్ దాటి ముందుకెళ్ళి ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకో షెల్ వేసి పేలిస్తే చేతులు పోతాయి, అందుకే 20 బోర్ షెల్స్ పసుపు రంగులో చేస్తారు. నీ బ్యాగులో ఆ రంగు ఎప్పుడూ కనపడకూడదు.

మూతి దగ్గర బిగించే చిన్న గొట్టం, చోక్, ప్రతిసారీ విప్పి, మరలు తుడిచి, కొంచెం గ్రీజు రాసి బిగించు. లేకపోతే అతుక్కుపోతుంది. చోక్ లేకుండా మాత్రం ఎప్పుడూ పేల్చకు, ఆ మరలు పాడైతే బారెల్ పోయినట్టే.

బోల్ట్‌లో ఖాళీ షెల్‌ని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద పాత టూత్‌బ్రష్‌తో తోము, పొరలుగా మురికి వస్తుంది చూడు. నూనె వెయ్యాల్సింది ఇక్కడ: బోల్ట్ రిసీవర్‌లో జారే గాడులకి రెండు వైపులా ఒక్కో చుక్క, బోల్ట్ లోపల కదిలే ముక్కకి ఒక చుక్క, హ్యాండిల్ జారే చోట ఒకటి. వేలితో పూసేసెయ్, కారకూడదు. చలి బాగా ఉన్న రోజుల్లో ఇంకా తగ్గించు, చలికి నూనె చిక్కబడి బోల్ట్ నెమ్మదిస్తుంది. ట్రిగ్గర్ సెట్ రెండు పిన్నులు తోస్తే వస్తుంది, బయటికి తీశాక ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ని వదలొద్దు, కొట్టుకుని విరుగుతుంది. దాన్ని ముక్కలు చెయ్యొద్దు, మురికి దులిపి ఒక చుక్క వేసి పెట్టెయ్.

వెనక భుజానికి ఆనించే బట్ లోపల స్ప్రింగ్ ఉండే రకం అయితే అది ఎవరి కంటికీ కనపడదు, ఏళ్ళ తరబడి నూనె, చెమ్మ అందులోకి దిగుతూనే ఉంటాయి. ఇవన్నీ చేశాక కూడా బోల్ట్ ముందుకు బద్ధకంగా వస్తుంటే తప్పు అక్కడిదే. అది నువ్వు విప్పకు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళు.

అన్నీ బిగించాక మందు లేని డమ్మీ షెల్స్‌తో చేత్తో రెండు మూడుసార్లు ఆడించి, సేఫ్టీ పట్టుకుంటోందో లేదో చూడు. ఆ తర్వాత సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కుని అప్పుడే తినడం, తాగడం, ఆ మురికిలో సీసం ఉంటుంది. భోజనం బల్ల మీద ఈ పని పెట్టుకోకు. తుపాకీ బీరువాలో తాళం వేసి, షెల్స్ వేరేచోట తాళం వేసి పెట్టు. మొదటి రాత్రి మూతి కిందికి పెట్టి ఉంచితే, ఇప్పటికే నువ్వు కొట్టిన నూనె చెక్కలోకి దిగకుండా ముందుకి కారుతుంది. మర్నాడు బయటికి తీసి మూతి, బారెల్ లోపల పొడి గుడ్డతో తుడువు.

పిస్టన్ విప్పగానే ఓ-రింగ్ ఫోటో నాకు పంపు, పగులుందో లేదో చూసి చెబుతాను. అది వచ్చేదాకా కొత్త షెల్స్ కొనకు.

అమ్మ